ఎర్రమల్లె అమ్మాయి

నంద్యాలలో ఎర్రగుంట్ల రైలు ఎక్కితే బండి బనగానపల్లె, కోవెలకుంట్ల, సంజామల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు దాటి ఎర్రగుంట్ల చేరుతుంది. ఈ రైలు మార్గం పొడవు 123 కిలోమీటర్లు. 2016లో ఇది పూర్తి అయింది. ఆళ్లగడ్డ వాళ్లయితే చాగలమర్రి మీదుగా బస్సులో పోతారు. దారిలో నల్లరేగడి చేలు కనిపిస్తాయి. ఎర్రగుంట్ల దగ్గర పడేసరికి నాపరాళ్ల గనులూ, సిమెంటు ఫాక్టరీల పొగగొట్టాలూ మొదలవుతాయి.

ఎర్రగుంట్ల నుంచి వేంపల్లె పోయే దారిలో వీరపునాయునిపల్లె ఉన్నది. ఆ మండలంలో ఎర్రమల్లె అనేది ఒక పల్లెటూరు. 2025వ సంవత్సరానికి ముందు కడప జిల్లా దాటితే ఆ ఊరి పేరు విన్నవాళ్లు చాలా తక్కువ. 2025 నవంబరు 2వ తేదీన నవీ ముంబైలో భారత మహిళల క్రికెట్టు జట్టు ప్రపంచకప్పు గెలిచింది. మన దేశపు మహిళలు ఒకరోజు మ్యాచిల ప్రపంచకప్పు గెలవటం అదే మొదటిసారి. ఆనాడు మైదానంలో ఉన్న పదకొండు మందిలో ఒకతె ఎర్రమల్లె అమ్మాయి. ఆమె పేరు నల్లపురెడ్డి శ్రీచరణి. అప్పటికి ఆమె వయస్సు 21 సంవత్సరాలు.

క్రికెట్టు చూసేవాళ్ల కళ్లు ఎప్పుడూ సిక్సర్లు కొట్టేవాళ్ల మీదా, వేగంగా బంతి వేసేవాళ్ల మీదా ఉంటాయి. శ్రీచరణి ఈ రెండు రకాలలోనూ చేరదు. ఆమె ఎడమచేతితో నెమ్మదిగా బంతి వేస్తుంది. నాలుగడుగులు వేసి, చెయ్యి తిప్పి, బంతిని గాలిలోకి వదులుతుంది. ఆ బంతిని చూస్తే ఎవరైనా కొట్టగలరని అనిపిస్తుంది. ఒక్కొక్కప్పుడు కొడతారు కూడా. మరి అటువంటి బంతితో ఆమె ప్రపంచకప్పు గెలిచిన జట్టులోకి ఎట్లా చేరింది? అక్కడ ఏం సాధించింది? ఈ సంగతి తెలియాలంటే ముందు కొంచెం పాతకథ తెలియాలి.

ఆడవాళ్ల క్రికెట్టు నిన్న మొన్న పుట్టింది కాదు. మొట్టమొదటి మహిళల ప్రపంచకప్పు 1973లో ఇంగ్లండులో జరిగింది. మగవాళ్ల ప్రపంచకప్పు ఆ తరవాత రెండేళ్లకు, 1975లో గాని మొదలు కాలేదు. మన దేశంలో మహిళల క్రికెట్టు సంఘం కూడా 1973లోనే ఏర్పడింది. 1976లో మన జట్టు బెంగుళూరులో వెస్టిండీసు జట్టుతో తన మొదటి టెస్టు ఆడింది. 1978లో ప్రపంచకప్పు పోటీలు మన దేశంలోనే జరిగాయి. ఆ పోటీలలో ఆస్ట్రేలియా, ఇంగ్లండు జట్లు హైదరాబాదులోని లాల్ బహదూర్ స్టేడియంలో తలపడ్డాయి. ఆ ఆట నెగ్గి ఆస్ట్రేలియా కప్పు ఎత్తుకుపోయింది.

అదే హైదరాబాదులో పెరిగిన మిథాలీరాజ్ 1999 జూన్ 26వ తేదీన, పదహారేళ్ల వయస్సులో, ఐర్లండు మీద తన మొదటి అంతర్జాతీయ మ్యాచి ఆడింది. ఆ మొదటి ఆటలోనే 114 పరుగులు చేసి, ఔటు కాకుండా నిలిచింది. 2002లో ఇంగ్లండులోని టాంటన్ లో జరిగిన టెస్టులో 214 పరుగులు చేసింది. 2022లో ఆట విరమించేనాటికి ఒకరోజు మ్యాచిలలో ఆమె చేసిన పరుగులు 7,805. అప్పటికి ప్రపంచంలో మరే మహిళా అన్ని పరుగులు చేయలేదు.

అటువంటి మిథాలీకి కూడా ప్రపంచకప్పు దక్కలేదు. ఆమె నాయకత్వంలో మన జట్టు రెండుసార్లు ఆఖరి మ్యాచి దాకా పోయింది. 2005లో దక్షిణాఫ్రికాలో ఆస్ట్రేలియా చేతిలో 98 పరుగుల తేడాతో ఓడింది. 2017లో లండనులోని లార్డ్స్ మైదానంలో ఇంగ్లండు చేతిలో ఓడింది. ఈసారి తేడా తొమ్మిది పరుగులు మాత్రమే. 2005లో ప్రపంచకప్పు ఆడినందుకు తమకు మ్యాచికి వెయ్యి రూపాయల చొప్పున ముట్టిందని మిథాలీ తరవాత చెప్పింది.

కాలం నెమ్మదిగా మారింది. 2006లో మహిళల క్రికెట్టు భారత క్రికెట్టు బోర్డు కిందికి వచ్చింది. 2022 అక్టోబరులో అంతర్జాతీయ మ్యాచిలకు మగవాళ్లకూ ఆడవాళ్లకూ ఒకే ఫీజు ఇస్తామని బోర్డు ప్రకటించింది. 2023 మార్చిలో మహిళల ప్రీమియర్ లీగు మొదలయింది. దానితో పల్లెటూళ్లలో ఆడుకునే ఆడపిల్లలకు కూడా పెద్ద మైదానాల దారి కొంచెం తెరుచుకున్నది.

రాయలసీమ నుంచి ఈ దారిన నడిచిన అమ్మాయి శ్రీచరణి ఒక్కతే కాదు. నంద్యాల ప్రత్యేక జిల్లా అయినది 2022 ఏప్రిల్ 4వ తేదీన. అంతకుముందు అది కర్నూలు జిల్లాలో ఉండేది. ఆ కర్నూలు జిల్లాలోని ఆదోని నుంచి అంజలి శర్వాణి వచ్చింది. ఆమె కూడా ఎడమచేతితోనే బంతి వేస్తుంది. కాని శ్రీచరణి లాగా నెమ్మదిగా కాదు, వేగంగా వేస్తుంది. 2022 డిసెంబరు 9వ తేదీన నవీ ముంబైలో ఆస్ట్రేలియా మీద ఆమె భారతదేశం తరఫున మొదటిసారి ఆడింది. మూడేళ్ల తరవాత శ్రీచరణి ప్రపంచకప్పు ఎత్తిన మైదానం కూడా అదే.

ఇక శ్రీచరణి సంగతి. ఆమె 2004 ఆగస్టు 4వ తేదీన పుట్టింది. తండ్రి రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రంలో ఉద్యోగి. చిన్నతనంలో ఆమె ఇంటి దగ్గర మేనమామతో కలిసి క్రికెట్టు ఆడేది. అయితే బడిలో ఆమె ఆడినవి వేరే ఆటలు. ఖోఖో ఆడింది, బాడ్మింటన్ ఆడింది, పరుగుపందాలలో పాల్గొన్నది. క్రికెట్టును గట్టిగా పట్టుకునేసరికి ఆమెకు పదహారేళ్లు వచ్చాయి. ఆ వయస్సుకు మిథాలీ అంతర్జాతీయ మ్యాచిలో శతకం చేసిందని ఇంతకుముందే చెప్పుకున్నాం. ఆ లెక్కన శ్రీచరణి చాలా ఆలస్యంగా మొదలుపెట్టిందనే చెప్పాలి.

ఇంట్లో కూడా ఈ విషయం అంత తేలికగా తేలలేదు. తల్లి సరేనన్నది. తండ్రి మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. ఆయన ఒప్పుకోవటానికి ఒక ఏడాది పట్టింది. పరుగుపందాలలో బాగా రాణిస్తున్న పిల్ల ఆ ఆట వదిలి, కొత్త ఆట పట్టుకుంటానంటే ఏ తండ్రికైనా దిగులుగానే ఉంటుంది. అయినా ఆయన చివరకు ఒప్పుకున్నాడు. ఆయన ఆ మాట అనకపోయి ఉంటే ఈ కథ అక్కడితో ఆగిపోయేది.

మొదట్లో శ్రీచరణి కూడా వేగంగానే బంతి వేసేది. తరవాత స్పిన్నుకు మారింది. స్పిన్ను అంటే బంతిని గిర్రున తిప్పి వదలటం. వేగం మానుకుని నెమ్మదిని ఎంచుకోవటం వింతగా తోచవచ్చు. కాని నెమ్మది బంతిలో కూడా బలం ఉన్నది. ఆ బలం ఎక్కడ ఉన్నదో చూద్దాం.

క్రికెట్టు పిచ్చి పొడవు 22 గజాలు, అంటే 20 మీటర్ల పై చిల్లర. బౌలరు బంతి వదిలే గీతకూ, అవతల బ్యాటరు నిలబడే గీతకూ మధ్య దూరం సుమారు పదిహేడున్నర మీటర్లు. గంటకు 115 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి ఆ దూరాన్ని దాదాపు అర సెకండులో దాటుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతికి సుమారు 0.8 సెకండు పడుతుంది. తేడా మూడోవంతు సెకండు కూడా లేదు. అయినా ఆ కాస్త వ్యవధిలో ఆలోచించటానికి సమయం చిక్కుతుంది. ముందుకు రావాలా, వెనక్కి పోవాలా, కొట్టాలా, ఆపాలా అని బ్యాటరు ఆలోచించుకోవచ్చు. వేగంగా వేసే బౌలరు బ్యాటరుకు ఆలోచించే సమయం ఇవ్వదు. నెమ్మదిగా వేసే బౌలరు సమయం ఇస్తుంది, కాని ఆ ఆలోచన తప్పేట్టు చేస్తుంది.

ఇది ఎట్లా చేస్తుంది? మీ సైకిలు వెనక చక్రాన్ని ఎత్తిపట్టి, పెడలుతో గిర్రున తిప్పి, అది తిరుగుతూ ఉండగానే నేలకు ఆనించండి. సైకిలు ముందుకు ఒక్క దూకు దూకుతుంది. చక్రం నేలను వెనక్కి నెడితే, నేల చక్రాన్ని ముందుకు నెట్టింది. దీనికి కారణం రాపిడి. తిరిగే బంతి నేల మీద పడినప్పుడు కూడా జరిగేది ఇదే. బంతి పక్కకు తిరుగుతూ ఉంటే నేల దాన్ని పక్కకు నెడుతుంది. తిన్నగా వస్తున్న బంతి నేలను తాకగానే దారి మార్చుకుంటుంది.

బంతి మీద తోలు ముక్కలను కలిపే కుట్టు ఒకటి పొడుచుకు వచ్చినట్టు ఉంటుంది. శ్రీచరణి వంటి బౌలర్లు చూపుడువేలునూ, నడిమివేలునూ ఆ కుట్టు మీద ఆనించి, వదిలేటప్పుడు తాళం తిప్పినట్టు తిప్పుతారు. ఎడమచేత్తో వేసిన ఈ బంతి కుడిచేతి వాటం బ్యాటరు ముందు పడి, ఆమెకు దూరంగా పోతుంది. ఆమె బంతి వచ్చే దారి చూసి బ్యాటు చాపుతుంది. బంతి మాత్రం బ్యాటు అంచును గీసుకుంటూనో, అసలు తగలకుండానో పోతుంది. ఒక్కొక్కసారి బౌలరు అదే చేతి ఊపుతో, తిరగని బంతి వేస్తుంది. తిరుగుతుందనుకున్న బంతి తిన్నగా వచ్చి కాళ్లకు కొట్టుకుంటుంది. కాళ్లు అడ్డం లేకపోతే బంతి వికెట్లకు తగిలేదని అంపైరు భావిస్తే బ్యాటరు ఔటు.

నేల కూడా ఈ ఆటలో ఒక పాత్ర వహిస్తుంది. నంద్యాల, ఆళ్లగడ్డ పిల్లలకు నల్లరేగడి సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. వానకు తడిస్తే ఆ మట్టి ఉబ్బి కాళ్లకు అంటుకుంటుంది. ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విడుస్తుంది. మన దేశంలో చాలా పిచ్చిలను ఇటువంటి నల్లమట్టితోనే తయారు చేస్తారు. కొన్నిటిని ఎర్రమట్టితో చేస్తారు. మట్టి ఎండి, పైన గరుకు తేలిన కొద్దీ రాపిడి ఎక్కువవుతుంది. రాపిడి ఎక్కువైన కొద్దీ బంతి ఎక్కువగా తిరుగుతుంది.

బంతి గాలిలో ఉండగా కూడా ఒక వింత జరుగుతుంది. తిరిగే బంతి తన చుట్టూ ఉన్న గాలిని కొంత తనతో లాక్కుపోతుంది. బంతి ముందుకు దొర్లుతున్నట్టు తిరుగుతూ పోతే గాలి దాన్ని కిందికి నొక్కుతుంది. అందుచేత బంతి బ్యాటరు అనుకున్న చోటుకు రాక, దానికి కొంచెం ముందే పడుతుంది. బంతి అందుతుందనుకుని ముందుకు వచ్చి, కొట్టబోయిన ఆమె చిక్కులో పడుతుంది. తిరిగే బంతి గాలిలో వంపు తిరగటాన్ని న్యూటన్ అనే గొప్ప శాస్త్రజ్ఞుడు పదిహేడో శతాబ్దంలోనే టెన్నిసు బంతిలో గమనించాడు. పందొమ్మిదో శతాబ్దంలో మాగ్నస్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు దీన్ని పరీక్షలు చేసి పరిశీలించాడు. అందుకే దీనికి మాగ్నస్ ప్రభావమని పేరు వచ్చింది.

మీరూ దీన్ని చూడవచ్చు. ఒక రబ్బరు బంతిని తాళం తిప్పినట్టు తిప్పి, అరుగు మీద పడేట్టు మెల్లగా వేయండి. అదే బంతిని అదే విధంగా గరుకైన మట్టినేల మీద వేయండి. ఎక్కడ ఎక్కువ తిరిగిందో చూడండి. తరవాత కొంచెం ఎత్తుగా గాలిలోకి వేసి చూడండి. మొదటి రోజున బంతి మీరు చెప్పిన చోట పడదు. పదో రోజున కూడా పడకపోవచ్చు.

అసలు కష్టం అక్కడే ఉన్నది. బంతిని తిప్పటం కొద్ది రోజులలో వస్తుంది. తిప్పిన బంతిని కోరిన చోట పడేట్టు వేయటానికి ఏళ్లు పడుతుంది. ఆళ్లగడ్డలో శిల్పులు రాయి చెక్కటం మీరు చూసే ఉంటారు. ఒక్క దెబ్బతో విగ్రహం తయారు కాదు. ఉలి పెట్టవలసిన చోట పెట్టి, ఎంత బలంతో కొట్టాలో అంత బలంతోనే వందల దెబ్బలు కొడతారు. ఒకరోజు మ్యాచిలో ఒక బౌలరు పది ఓవర్లు, అంటే 60 బంతులు వేయవచ్చు. ఆ 60 బంతులూ దాదాపు ఒకే చోట పడాలి. అయినా ఏ రెండూ ఒకే రకంగా ఉండకూడదు.

ఇంకొక కష్టం కూడా ఉన్నది. నెమ్మదిగా వచ్చే బంతిని బ్యాటరు ఒక్కొక్కసారి ఎత్తి మైదానం అవతల పారేస్తుంది. అప్పుడు బౌలరుకు కోపం వస్తుంది, భయం వేస్తుంది. తరవాతి బంతిని వేగంగా విసరాలనిపిస్తుంది. అట్లా విసిరితే ఆమె చిక్కినట్టే. దెబ్బ తిన్నాక కూడా మళ్లీ నెమ్మదిగానే, మళ్లీ గాలిలోకే వేయగలగాలి. స్పిన్ను బౌలరుకు కావలసిన ధైర్యం ఇదే. 2025లో శ్రీచరణికి ఈ ధైర్యంతో చాలాసార్లు పనిపడింది.

ఆ సంవత్సరం ఆమెకు ఎంత త్వరగా గడిచిందో చూడండి. ఆంధ్ర జట్టుకు ఆడుతున్న ఆమెను 2024 డిసెంబరులో ప్రీమియర్ లీగు వేలంలో ఢిల్లీ జట్టు 55 లక్షల రూపాయలకు తీసుకున్నది. 2025 ఏప్రిల్ 27వ తేదీన కొలంబోలో శ్రీలంక మీద ఆమె భారతదేశం తరఫున మొదటి ఒకరోజు మ్యాచి ఆడింది. రెండు వికెట్లు తీసింది. జూన్ 28వ తేదీన ఇంగ్లండులోని నాటింగ్ హాం లో మొదటి ఇరవై ఓవర్ల మ్యాచి ఆడింది. ఆనాడు స్మృతి మంధానా 112 పరుగులు చేయగా మన జట్టు 210 పరుగులు సాధించింది. ఇంగ్లండు 113 పరుగులకే కూలిపోయింది. శ్రీచరణి పన్నెండే పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీసింది. ఐదు మ్యాచిల ఆ పోటీని మన జట్టు 3-2 తేడాతో గెలిచింది. శ్రీచరణి మొత్తం పది వికెట్లు తీసి, ఆ పోటీలో ఉత్తమ క్రీడాకారిణిగా బహుమతి పొందింది.

సెప్టెంబరు 30వ తేదీన ప్రపంచకప్పు మొదలయింది. మన జట్టుకు నాయకురాలు హర్మన్ ప్రీత్ కౌర్. జట్టులోని పదిహేను మందిలో మరొక తెలుగు అమ్మాయి కూడా ఉన్నది. ఆమె హైదరాబాదుకు చెందిన అరుంధతిరెడ్డి. ఆమెకు ఒక్క మ్యాచి కూడా ఆడే అవకాశం రాలేదు. కాని ఎప్పుడు పిలిస్తే అప్పుడు దిగటానికి ఆమె చివరిదాకా సిద్ధంగా ఉండవలసి వచ్చింది. అది కూడా ఆటలో భాగమే.

మన జట్టు మొదటి రెండు మ్యాచిలలో శ్రీలంకనూ, పాకిస్తానునూ ఓడించింది. తరవాతి రెండు మ్యాచిలు విశాఖపట్నంలో జరిగాయి. శ్రీచరణి తన సొంత రాష్ట్రంలో, తన వాళ్ల ఎదుట ఆడబోతున్నది. అక్టోబరు 9వ తేదీన దక్షిణాఫ్రికా మన జట్టును ఓడించింది. అక్టోబరు 12వ తేదీన ఆస్ట్రేలియాతో మ్యాచి. మన జట్టు 330 పరుగులు చేసింది. అన్ని పరుగులు చేస్తే గెలుపు ఖాయమనే ఎవరైనా అనుకుంటారు. కాని ఆస్ట్రేలియా నాయకురాలు అలీసా హీలీ 142 పరుగులు చేసింది. ఆఖరి ఓవరు అవసరం లేకుండానే ఆస్ట్రేలియా 331 పరుగులు చేసి గెలిచింది. మహిళల ఒకరోజు మ్యాచిలలో అంతవరకు ఎవరూ అంత పెద్ద లక్ష్యాన్ని ఛేదించలేదు.

ఓడిన ఆ మ్యాచిలో ఒక లెక్క చూడండి. శ్రీచరణి పది ఓవర్లలో 41 పరుగులిచ్చి, మూడు వికెట్లు తీసింది. హీలీని ఔటు చేసింది కూడా ఆమే. అంటే ఆమె ఓవరుకు నాలుగు పరుగుల చొప్పున ఇచ్చింది. మిగిలిన 39 ఓవర్లలో ఆస్ట్రేలియాకు 290 పరుగులు వచ్చాయి. ఓవరుకు ఏడు పరుగుల పైన. ఒక్కరు బాగా వేసినంత మాత్రాన జట్టు గెలవదు. ఆమెకు ఆ రోజున పట్టరాని సంతోషం కలగవలసింది, కాని జట్టంతా తల వంచుకుని బయటికి రావలసి వచ్చింది.

వారం తరవాత ఇందూరులో ఇంగ్లండు మీద మన జట్టు నాలుగు పరుగుల తేడాతో ఓడింది. వరసగా ఇది మూడో ఓటమి. ఈసారి శ్రీచరణి బంతులను కూడా బాగా కొట్టారు. ఆమెకు రెండు వికెట్లు చిక్కాయి గాని, 68 పరుగులు ఇచ్చుకోవలసి వచ్చింది. ఇంకొక ఓటమి ఎదురైతే మన దేశంలో జరుగుతున్న ప్రపంచకప్పులో మన జట్టే బయట నిలబడే ప్రమాదం వచ్చింది. 2005, 2017 సంవత్సరాల సంగతి అందరికీ గుర్తు వచ్చి ఉంటుంది.

అక్టోబరు 23వ తేదీన నవీ ముంబైలో న్యూజీలండును ఓడించి మన జట్టు సెమీఫైనలులో చోటు సంపాదించుకున్నది. ఎదుటి జట్టు ఎవరు? మళ్లీ ఆస్ట్రేలియాయే. అప్పటికి ఏడుసార్లు ప్రపంచకప్పు గెలిచిన జట్టు అది.

అక్టోబరు 30వ తేదీన ఆస్ట్రేలియా ముందు బ్యాటు పట్టింది. ఫీబీ లిచ్ ఫీల్డ్ 119 పరుగులు చేసింది. ఎలిస్ పెర్రీ 77 పరుగులు చేసింది. స్కోరు ఆపటం ఎవరి తరమూ కాలేదు. ఆ సమయంలో శ్రీచరణి బంతి పట్టుకుని, వేగంగా విసరక, తన నెమ్మది బంతులే వేసింది. బెత్ మూనీ కొట్టిన బంతిని జెమీమా రోడ్రిగ్స్ పట్టుకున్నది. అనబెల్ సదర్లాండు కొట్టిన బంతిని శ్రీచరణి తానే పట్టుకున్నది. ఇద్దరూ తక్కువ పరుగులకే వెళ్లిపోయారు. ఆస్ట్రేలియా మొత్తం 338 పరుగులు చేసింది. అందులో శ్రీచరణి పది ఓవర్లలో ఇచ్చినవి 49. ఆమె ఓవరుకు అయిదు పరుగుల లోపల ఇచ్చింది. మిగిలిన ఓవర్లలో ఓవరుకు ఏడు పరుగుల పైన వచ్చాయి. విశాఖపట్నంలో జరిగిందే ఇక్కడా జరిగింది.

కాని ఈసారి ఫలితం వేరు. జెమీమా 127 పరుగులు చేసి, ఔటు కాకుండా నిలిచింది. మన జట్టు అయిదు వికెట్లు నష్టపోయి 341 పరుగులు చేసింది. విశాఖపట్నంలో ఆస్ట్రేలియా నెలకొల్పిన రికార్డు పద్ధెనిమిది రోజులు మాత్రమే నిలిచింది. శ్రీచరణి పది ఓవర్లూ మామూలుగా వేసి ఉంటే లక్ష్యం 20 పరుగులకు పైగా పెరిగి ఉండేది. మ్యాచి తొమ్మిది బంతులు మిగిలి ఉండగా ముగిసింది. కనక ఆ 20 పరుగుల విలువ ఎంతో మీరే ఊహించుకోవచ్చు.

నవంబరు 2వ తేదీన దక్షిణాఫ్రికాతో ఆఖరి మ్యాచి. వాన వల్ల ఆట ఆలస్యంగా మొదలయింది. మన జట్టు 298 పరుగులు చేసింది. షెఫాలీ వర్మ 87, దీప్తి శర్మ 58 పరుగులు చేశారు. దక్షిణాఫ్రికా 51 పరుగుల దగ్గర మొదటి వికెట్టు పోగొట్టుకున్నది. తరవాత వచ్చిన అనేకే బాష్ ను శ్రీచరణి ఒక్క పరుగైనా చేయనివ్వలేదు. బంతి కాళ్లకు తగిలి ఆమె ఔటయింది. దక్షిణాఫ్రికా నాయకురాలు లారా వోల్వార్ట్ 101 పరుగులు చేసి చాలాసేపు పోరాడింది. దీప్తి శర్మ అయిదు వికెట్లు తీసింది. అర్ధరాత్రి దాటిన తరవాత హర్మన్ ప్రీత్ ఆఖరి క్యాచి పట్టుకున్నది. దక్షిణాఫ్రికా 246 పరుగులకు ముగిసింది. మన జట్టు 52 పరుగుల తేడాతో గెలిచింది.

ఆ ప్రపంచకప్పులో శ్రీచరణి తొమ్మిది మ్యాచిలు ఆడి 14 వికెట్లు తీసింది. మన జట్టులో ఆమెకన్న ఎక్కువ వికెట్లు తీసినది దీప్తి శర్మ ఒక్కతే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శ్రీచరణికి రెండున్నర కోట్ల రూపాయలు, ఇంటిస్థలం, గ్రూపు-1 ఉద్యోగం ప్రకటించింది. 2005లో మ్యాచికి వెయ్యి రూపాయలు తీసుకుని ఆడినవాళ్లను తలుచుకుంటే ఇది ఎంత మార్పో తెలుస్తుంది. వాళ్లు ఆనాడు ఆడి ఉండకపోతే ఈనాడు ఈ డబ్బూ ఉండదు, ఈ మైదానాలూ ఉండవు.

తల్లిదండ్రులు గమనించవలసింది ఒకటి ఉన్నది. శ్రీచరణి కథలో పేరున్న కోచులూ, పెద్ద అకాడమీలూ మొదట రాలేదు. మొదట వచ్చింది ఇంటి ముందు ఆమెతో ఆడిన మేనమామ. తరవాత వచ్చింది తల్లి సరేనన్న మాట. ఆ తరవాత, ఒక ఏడాది ఆలస్యంగా, తండ్రి అన్న మాట. ఆడపిల్ల ఆడతానంటే ప్రతి పిల్లా ప్రపంచకప్పు తెస్తుందని కాదు. తెచ్చే పిల్ల ఎవరో ముందుగా చెప్పగలవాళ్లు ఎవరూ లేరు. అందుచేత ఆడనివ్వటమే మంచిది.

పిల్లలు గమనించవలసింది మరొకటి. మిగిలినవాళ్లకన్న ఆలస్యంగా మొదలుపెట్టినా, వేగం మానుకుని నెమ్మదిని పట్టుకున్నా, సొంత రాష్ట్రంలో ఓడిపోయినా శ్రీచరణి తన పని మార్చుకోలేదు. ఇందూరులో 68 పరుగులు ఇచ్చిన చేతితోనే నవీ ముంబైలో ఆస్ట్రేలియాను ఆపింది. ఆమె ఇంకా చిన్నది. ముందు ముందు ఆమె బంతులను కొట్టేవాళ్లు చాలామంది వస్తారు. కొన్ని బంతులు మైదానం అవతల పడతాయి. అప్పుడు కూడా ఆమె బంతి తెప్పించుకుని, కుట్టు మీద వేళ్లు సర్దుకుని, మళ్లీ నాలుగడుగులు వేసి, నెమ్మదిగానే వేయవలసి ఉంటుంది.